పద్దు రాయడంతోనే ఆగిపోకండి

బీకాం చదివి, ట్యాలీ నేర్చుకుని అకౌంట్స్‌లో చేరినవాళ్లు నాలుగైదేళ్లు తిరిగేసరికి అడిగే ప్రశ్న ఒకటుంది: "ఫైనాన్స్ మేనేజర్ కావాలంటే సీఏ ఉండాల్సిందేనా?" ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టాలంటే ఉండాల్సిందే. కంపెనీ లోపలి కొలువులకు అంత నియమం లేదు. లిస్టెడ్ కంపెనీలో సీఎఫ్‌ఓ తప్పక ఉండాలన్న 2013 కంపెనీల చట్టం కూడా, ఆ కుర్చీకి ఫలానా పట్టా కావాలని చెప్పలేదు. ప్రకటనల్లో సీఏ, సీఎంఏ అడుగుతారు, నిజమే. కానీ పట్టా వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది: రాబోయే డబ్బు కటకటను ముందే పసిగట్టడం.

మే 28న మీ సంస్థ పది లక్షల సరుకు 60 రోజుల అరువు మీద అమ్మిందనుకోండి. 18 శాతం జీఎస్టీతో బిల్లు 11.80 లక్షలు. పార్టీ డబ్బిచ్చేది జూలై ఆఖర్లో. నెలనెలా రిటర్ను వేసే సంస్థ అయితే జీఎస్టీ జూన్ 20కే కట్టాలి. ఇన్‌పుట్ క్రెడిట్ పోను మిగిలింది సొంత డబ్బులోంచే. ఈలోగా జీతాలు, 7న టీడీఎస్, 15న పీఎఫ్. లాభనష్టాల ఖాతాలో లాభం ఉంటుంది, బ్యాంకులో డబ్బుండదు. ఈ సంగతి జూన్ 18న చెబితే యజమాని అప్పుకు పరుగెత్తాల్సిందే. బిల్లు కొట్టకముందే చెబితే కొంత అడ్వాన్సు అడిగేవారు.

అందుకే ప్రతి సోమవారం ఎక్సెల్‌లో రాబోయే 13 వారాల రాబడి, చెల్లింపులు వేయండి. ముందు బ్యాంకు స్టేట్‌మెంటుతో పద్దులు సరిచూసుకోండి, ఇచ్చిన చెక్కుల్లో ఇంకా పాసవ్వనివి ఉంటాయి. రాబడిని బిల్లు గడువును బట్టి వేయకండి, ఆ పార్టీ మామూలుగా ఎన్నాళ్లకు ఇస్తుందో దాన్ని బట్టి వేయండి. వారం గడిచాక అంచనా ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో పక్కనే రాయండి. పెద్ద కంపెనీల్లో ట్రెజరీ విభాగం చేసేది ఈ పనే. కట్టాల్సిన జీఎస్టీ కూడా ఈ లెక్కలోదే: నెలనెలా రిటర్ను వేసే సరఫరాదారులు 11వ తేదీలోగా జీఎస్‌టీఆర్-1 వేయకపోతే ఆ నెల జీఎస్‌టీఆర్-2బీలో మీ క్రెడిట్ కనిపించదు. పదో తేదీన వాళ్లకు ఫోన్ చేయడం చిన్న పనేం కాదు, కంపెనీ డబ్బు కాపాడే పని.

కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లకు ఒక మాట: హైదరాబాద్ గచ్చిబౌలి చుట్టుపక్కల విదేశీ కంపెనీల కేంద్రాల్లో జీతాలు బాగుంటాయి. అయితే చాలాచోట్ల ఒక్కొక్కరికి ఒక్క ముక్కే అప్పగిస్తారు, ఏడాదంతా వెండర్ బిల్లులే చూసేవాళ్లున్నారు. మొదటి రెండు మూడేళ్లు చిన్న ఫ్యాక్టరీలోనో ఆడిట్ ఆఫీసులోనో చేయడమే మేలని నా గట్టి నమ్మకం. కొనుగోలు ఆర్డరు నుంచి బ్యాలెన్స్ షీటు దాకా అన్నీ మీ చేతుల మీదుగా సాగుతాయి.

చదవాలనుకుంటే, 55 శాతం మార్కులున్న బీకాం వాళ్లు ఫౌండేషన్ లేకుండా నేరుగా సీఏ ఇంటర్‌లో చేరొచ్చు. రెండేళ్ల ఆర్టికల్‌షిప్ మాత్రం తప్పదు. ఉద్యోగం వదల్లేనివాళ్లకు సీఎంఏ అనువైన దారి.

మీ యజమాని అడగకపోయినా సరే, ఆ 13 వారాల లెక్క వచ్చే సోమవారమే మొదలుపెట్టండి.