గుట్ట, పల్లం, చెరువు

మీరు మౌలాలి గుట్ట చూశారా? పెద్ద పెద్ద బండలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఎవరో పేర్చినట్టే ఉంటుంది. కాని ఎవరూ పేర్చలేదు.

ఈ బండల వయసు సుమారు 250 కోట్ల ఏండ్లు. భూమి లోపల కరిగి ఉన్న రాయి చల్లారి గట్టిపడింది. పైన ఉన్న మన్ను ఎండకు, వానకు అరిగి కొట్టుకుపోయింది. బండలు బయటపడ్డాయి.

మనం ఉండేది దక్కను పీఠభూమి. పీఠభూమి అంటే పీటలాగా ఎత్తుగా ఉన్న నేల. మన బొల్లారం సముద్రం కంటే 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది.

బండ నీళ్లను తాగదు. వాన పడితే నీళ్లు గుట్ట దిగి పల్లానికి పోతాయి. మన పెద్దలు ఇది గమనించారు. పల్లంలో అడ్డంగా కట్ట పోశారు. చెరువు తయారైంది. తూము తీస్తే పొలాలకు నీళ్లు పారేవి. చెరువు నిండితే మత్తడి దుంకేది. మత్తడి అంటే ఎక్కువైన నీళ్లు పోయే దారి. ఆ నీళ్లు వాగులో పడి కింది చెరువుకు చేరేవి. వీటినే గొలుసుకట్టు చెరువులు అంటారు.

మన చుట్టూ ఎన్ని చెరువులో చూడండి. ఉత్తరాన శామీర్‌పేట చెరువు. పడమర ఫాక్స్‌సాగర్. దక్షిణాన అల్వాల్ చెరువు. ఇంకా కిందికి పోతే 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్. అది నిండితే నీళ్లు మూసీలో కలుస్తాయి.

వాగును పూడ్చి ఇండ్లు కడితే ఏమవుతుంది? నీళ్లు తమ దారి మరిచిపోవు. 2020 అక్టోబరులో పెద్ద వానలు పడ్డాయి. ఫాక్స్‌సాగర్ నిండి పొర్లింది. దగ్గరి కాలనీలో ఇండ్లు మునిగాయి. జనం ఇల్లు విడిచి పోవలసి వచ్చింది.

కూలి చేసి కూడబెట్టిన డబ్బుతో ప్లాటు కొంటాం. ఎండాకాలం చూస్తే నేల పొడిగానే ఉంటుంది. "మంచి జాగా అక్కా, ధర తక్కువ" అంటారు. తొందరపడకండి. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. కాగితం మీరే చదవండి. ఈ మాటలు గుర్తుపెట్టుకోండి.

శిఖం: చెరువు లోపలి భూమి.
ఎఫ్‌టీఎల్: చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు.
బఫర్: ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలవలసిన జాగా.

కాగితంలో ఈ మాటలు లేకపోయినా నమ్మవద్దు. సర్వే నంబరు రాసుకోండి. తహశీలుదారు ఆఫీసులో అడగండి. 2024లో హైదరాబాదు చుట్టుపక్కల చెరువుల హద్దుల్లో కట్టిన ఇండ్లను కూల్చారు. రిజిస్ట్రేషన్ కాగితాలు ఉన్నవాళ్లు కూడా ఇల్లు పోగొట్టుకున్నారు.

మాట్లాడుకోండి

1. మీ బస్తీలో పడిన వాన నీళ్లు ఎటు పోతాయి?
2. మీకు దగ్గరి చెరువు ఏది? ఆదివారం పిల్లలతో కట్ట మీదికి నడవండి. మత్తడి ఎటు ఉందో చూసి రండి.

చదవండి, రాయండి

గుట్ట, పల్లం, కట్ట, తూము, మత్తడి, శిఖం