కలలో ఎరుక: కొన్ని ప్రయోగాలు

హాల్ టికెట్ లేకుండా పరీక్ష హాల్లో నిలబడి చెమటలు కక్కుతున్నారు. ఉన్నట్టుండి "అదేమిటి, నేను ఇంజనీరింగ్ పాసై పదిహేనేళ్లయిందిగా, ఇది కల!" అని తట్టింది. కానీ మెలకువ రాలేదు, కల సాగుతూనే ఉంది. దీన్నే ఇంగ్లీషులో లూసిడ్ డ్రీమ్ అంటారు. మనం "ఎరుక కల" అందాం. పాత సర్వేలన్నీ కలిపి 2016లో వేసిన లెక్క ప్రకారం సుమారు 55 శాతం మందికి జీవితంలో ఒక్కసారైనా ఇలాంటి కల వస్తుంది.

ఇది కట్టుకథ కాదనడానికి రుజువు 1975లో ఇంగ్లండులో దొరికింది. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో ఒంట్లో కండరాలు దాదాపు అన్నీ చచ్చుబడి ఉంటాయి, కళ్లు మాత్రం కదులుతాయి. అందుకని కీత్ హర్న్ అనే పరిశోధకుడి ప్రయోగంలో, నిద్రపోతున్న అలన్ వర్స్లీ ముందుగా అనుకున్న లెక్క ప్రకారం కళ్లు కుడి ఎడమలకు తిప్పి, కలలోంచి సంకేతం పంపాడు. కొన్నేళ్లకి స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్ విడిగా ఇదే నిరూపించి, ఇలాంటి కలల్ని రప్పించుకునే పద్ధతిని కూడా తయారు చేశాడు.

పద్ధతి చూడ్డానికి తేలిక. పడుకున్న ఐదు గంటలకు అలారం పెట్టుకుని లేవాలి. అప్పుడే వచ్చిన కలను గుర్తు చేసుకోవాలి. "ఈసారి కల వచ్చినప్పుడు ఇది కలేనని గుర్తుపడతాను" అని మనసులో అనుకుంటూ, ఆ కలలో తిరిగి ప్రవేశించి దాన్ని గుర్తుపట్టినట్టు ఊహించుకుంటూ మళ్లీ నిద్రలోకి జారుకోవాలి. మంత్రంలా వల్లిస్తే సరిపోదు, నిజంగా గుర్తుపెట్టుకోవాలన్న ఉద్దేశం ఉండాలి. దారిలో పాలు కొనాలని గుర్తుపెట్టుకుంటామే, అలా.

ఐదు గంటలే ఎందుకంటే, రెమ్ నిద్రలో పెద్ద వాటా తెల్లవారుజామునే వస్తుంది. మన చిక్కంతా ఇక్కడే. ఇండియా టీముతో కాల్ ముగించి ఒంటిగంటకి పడుకుని ఆరింటికి లేచేవారికి ఐదు గంటల తరవాత మిగిలేది ఏమీ లేదు! కాబట్టి ఈ ప్రయోగం శని, ఆదివారాలకే. ఆన్‌కాల్ వారంలో అసలు వద్దు. నిద్రలేమితో బాధపడేవారూ, భ్రమలు కలిగే మానసిక వ్యాధి ఉన్నవారూ దీని జోలికి పోకూడదు.

2017లో ఆస్ట్రేలియాలో డెన్‌హమ్ ఆస్పీ అచ్చు వేసిన ప్రయోగంలో, ఈ పద్ధతికి పగటి పరీక్షలు కూడా జోడించినవారికి ఒక వారంలో 17 శాతం సఫలమైంది. పద్ధతి పూర్తిచేసిన ఐదు నిమిషాల్లో నిద్ర పట్టినవారి ప్రయత్నాల్లో అయితే దాదాపు 46 శాతం. పగటి పరీక్షలంటే ముక్కు మూసుకుని గాలి పీల్చి చూడటం, రాసి ఉన్నదాన్ని రెండుసార్లు చదవటం లాంటివి. కలలో ముక్కు మూసినా గాలి ఆడవచ్చు, కోడ్ చదివి తల తిప్పి మళ్లీ చూస్తే మారిపోవచ్చు. (మెలకువలోనూ మారిపోతోందంటే సమస్య వేరే!) ఇవి ఒక్కటే చేస్తే లాభం కనబడలేదని ఆ ప్రయోగమే చెబుతోంది.

మీరు చేసేటట్టయితే ముందు రెండు వారాలు ఏ పద్ధతీ లేకుండా ఊరికే కలలు రాసుకోండి. బేస్‌లైన్ లేని కొలత దేనికీ పనికిరాదని మనకి ఒకరు చెప్పాలా? నెలకి ఒకటి వచ్చేది రెండైతే పద్ధతి పనిచేసిందనలేం. రాసుకోవడమే సగం పని కూడా: గుర్తుండని కలలో ఎరుక వచ్చినా తెలియదు కదా!

గాలంటమిన్ సంగతి కూడా చెప్పాలి. అది ఆల్జైమర్స్ మందు. 2018లో లాబెర్జ్ బృందం 121 మంది మీద ఈ పద్ధతితో పాటే వాడి చూస్తే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్న రాత్రి 14 శాతం మందికీ, 8 మిల్లీగ్రాములతో 42 శాతం మందికీ ఎరుక కలలు వచ్చాయి. అమెరికాలో సప్లిమెంటుగా కూడా అమ్ముతారు కానీ, గుండె వేగాన్ని తగ్గించగల మందు కనుక డాక్టర్ని అడక్కుండా నోట్లో వేసుకోకండి.

మొదటిసారి ఎరుక రాగానే ఆ సంబరానికే మెలకువ వచ్చేస్తుంది, చాలామందికి ఇంతే. అప్పుడు కలలోనే రెండు చేతులూ రుద్దుకుంటూ ఆ స్పర్శ మీద దృష్టి పెట్టమని లాబెర్జ్ సలహా.