దిగుబడి పటములో గీతయు, దాని హద్దులును

క్షేత్ర దినోత్సవములలోను, శిక్షణ శిబిరములలోను మేము గోడకు తగిలించు పటములను మీరు చూచియేయుందురు. అడుగున ఎకరమునకు వేసిన నత్రజని కిలోలు, ప్రక్కన వచ్చిన దిగుబడి క్వింటాళ్లు, నడుమ ఎడమ నుండి కుడికి ఎగబ్రాకు గీత ఒకటి ఉండును. చూచుటకు సులభము, జ్ఞాపకముండుటకు అంతకంటె సులభము.

నేను ఒక శిబిరములో అట్టి పటమునే తగిలించితిని. ఒక వృద్ధ రైతు దానిని తేరిపార చూచి, "అయ్యా, గీత చివరిదాకా పైకే పోతోంది గదా! ఇంకో ముప్పావు బస్తా యూరియా వేస్తే ఇంకాస్త పండుతుందన్నమాటేనా?" అని అడిగెను. ఆ ప్రశ్నకు నా పటములో జవాబు లేదు. గీత తప్పు కాదు, కాని అది సగము మాటయే చెప్పుచున్నది. మిగిలిన సగము దాని హద్దులలో కలదు. ఆ హద్దులను కట్టుట, గీయుట, చదువుట ఎట్లో ఈ వ్యాసములో తెలిసికొందము.

గీత చూపునది సగటు మాత్రమే

ఒకే పొలములో, ఒకే విత్తనముతో, ఒకే ఎరువుతో పండించిన నాలుగు మళ్లు ఒకే విధముగా పండవని మీకు వేరుగా చెప్పనక్కరలేదు. మడవ దగ్గరి మడికి నీరు ముందు అందును. పల్లపు మడిలో ఒండ్రు చేరును. ఒక మూల ఎలుకలు కొట్టును. ధాన్యములో తేమ, తూకములో పొరపాటు ఉండనే యుండును. ఈ నాలుగు మళ్ల దిగుబడిని కలిపి నాలుగింట భాగించి ఒక చుక్క పెట్టుదుము. అట్టి చుక్కలను కలిపినదే గీత. మళ్ల మధ్యనున్న హెచ్చుతగ్గులు ఆ చుక్కలో కనబడకుండ పోవును.

అభ్యాసమునకు కొన్ని అంకెలు

ఈ క్రింది అంకెలు లెక్క నేర్చుకొనుటకు కూర్చినవే గాని, ఏ పరిశోధనా స్థానపు ఫలితములును కావు. పొలమును నాలుగు చెక్కలుగా విభజించి, ప్రతి చెక్కలో ఐదు మళ్లు కట్టి, ఏ మడికి ఏ మోతాదో చీట్లు వేసి నిర్ణయించితిమనుకొనుడు. ఇట్లు చీట్లు వేయు పద్ధతిని వ్యవసాయ ప్రయోగములలో స్థిరపరచినవాడు ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనా స్థానమున 1919లో చేరిన రొనాల్డ్ ఫిషర్. మంచి మడిని మనకిష్టమైన మోతాదుకు కట్టబెట్టకుండ ఇది కాపాడును.

ఒకటవ చెక్క నుండి నాలుగవ చెక్క వరకు ఎకరపు దిగుబడి, క్వింటాళ్లలో:

నత్రజని లేనిచో: 12, 13, 13, 14. సగటు 13.
16 కిలోలకు: 16, 18, 16, 18. సగటు 17.
32 కిలోలకు: 19, 22, 20, 23. సగటు 21.
48 కిలోలకు: 22, 24, 24, 26. సగటు 24.
64 కిలోలకు: 21, 28, 23, 28. సగటు 25.

సగటులను మాత్రమే కలిపినచో 13, 17, 21, 24, 25 అని గీత చివరి వరకు పైకే పోవును. ఆ వృద్ధ రైతు చూచినది ఇట్టి గీతనే.

హద్దు కట్టు విధము

48 కిలోల మోతాదును తీసికొందము. సగటు 24.

1. ప్రతి మడి దిగుబడి సగటుకు ఎంత దూరమో చూడుడు: 2 తక్కువ, 0, 0, 2 ఎక్కువ.
2. ఈ దూరముల వర్గములను కూడుడు: 4, 0, 0, 4, మొత్తము 8.
3. మళ్ల సంఖ్యకు ఒకటి తక్కువ చేసి, అనగా 3తో, భాగించుడు: 2.67. దీని వర్గమూలము 1.63. ఇది ప్రామాణిక విచలనము. ఒక్కొక్క మడి సగటు నుండి సుమారుగా ఎంత తొలగునో ఇది తెలుపును.
4. దానిని మళ్ల సంఖ్య యొక్క వర్గమూలముతో, అనగా 2తో, భాగించుడు: 0.82. ఇది ప్రామాణిక దోషము. సగటు ఎంత నిలకడగలదో ఇది తెలుపును.
5. దీనిని 3.18తో హెచ్చించుడు: 2.6. సగటుకు పైన 2.6, క్రింద 2.6 చొప్పున, అనగా 21.4 నుండి 26.6 వరకు హద్దు.

ఈ 3.18 ఎక్కడిదని అడుగవచ్చును. డబ్లిన్ నగరములోని గిన్నిస్ బీరు కర్మాగారములో పనిచేసిన విలియం గాసెట్, కొద్ది నమూనాలతో లెక్క కట్టునపుడు హద్దును ఎంత వెడల్పు చేయవలెనో 1908లో 'స్టూడెంట్' అను మారు పేరుతో ప్రకటించెను. ఆ మార్గమున ఏర్పడిన 'టి' పట్టికలో నాలుగు మళ్లకు 3.18 వచ్చును. మళ్లు చాల ఎక్కువైనచో ఇది సుమారు 2కు దిగును. మళ్లు తక్కువైన కొలది హద్దు వెడల్పగునని దీని భావము. ఇట్లే నూరు ప్రయోగములు చేసి నూరు హద్దులు కట్టినచో, సుమారు 95 హద్దులలో అసలు సగటు చిక్కును. అందుచేత దీనిని 95 శాతపు హద్దు అందురు.

ఇదే రీతిని తక్కిన మోతాదులకు కట్టినచో, సగటుకు ఇరువైపుల వరుసగా 1.3, 1.8, 2.9, 2.6, 5.7 వచ్చును. చివరిదానిని గమనింపుడు. 64 కిలోల హద్దు 19.3 నుండి 30.7 వరకు చాచుకొనియున్నది.

గీయుట

గళ్ల కాగితముపై అడ్డముగా నత్రజని, నిలువుగా దిగుబడి గుర్తించుడు. సగటులకు చుక్కలు పెట్టి కలుపుడు. ప్రతి చుక్క మీదుగా హద్దు పై అంచు నుండి క్రింది అంచు వరకు నిలువు పుల్ల గీచి, రెండు కొనలకు చిన్న అడ్డగీత పెట్టుడు. దిగుబడి కొలతను సున్న నుండి ప్రారంభించుట మేలు. 20 నుండి ప్రారంభించినచో ఒక క్వింటాలు తేడాయే కొండవలె కనబడును.

కంప్యూటరు ఉన్న గ్రామ స్థాయి ఉద్యోగులు, చదువుకొనుచున్న రైతుబిడ్డలు ఈ పనిని పైథాన్ భాషలో చేయవచ్చును. జాన్ హంటర్ రూపొందించి 2003లో వెలువరించిన మాట్‌ప్లాట్‌లిబ్ అను గ్రంథాలయము ఇందుకు ఉచితముగా దొరకును. దానిలో రెండు ఆజ్ఞలు ముఖ్యము.

మొదటిది 'ఎర్రర్‌బార్'. దీనికి మోతాదుల పట్టీ, సగటుల పట్టీ ఇచ్చి, 'వైఎర్' అనుచోట 1.3, 1.8, 2.9, 2.6, 5.7 ఇయ్యవలెను. అది గీతను, పుల్లలను గీయును. కొనలకు అడ్డగీత కావలెనన్నచో 'క్యాప్‌సైజ్' అనుచోట ఒక అంకె వేయవలెను.

రెండవది 'ఫిల్ బిట్వీన్'. ఇది పుల్లలకు బదులు గీతకు ఇరువైపుల పలుచని రంగు పట్టీ పూయును. రంగు పలుచగా ఉండుటకు 'ఆల్ఫా'ను 0.2గా పెట్టుడు. గీతను వేరుగా 'ప్లాట్' అను ఆజ్ఞతో గీయవలెను.

ఇచట అనేకులు పొరబడుదురు. ఎర్రర్‌బార్‌కు ఇయ్యవలసినది సగటు నుండి దూరము. ఫిల్ బిట్వీన్‌కు ఇయ్యవలసినవి హద్దుల అంచులే. 48 కిలోలకు మొదటిదానికి 2.6, రెండవదానికి 21.4, 26.6. ఇవి తారుమారైనచో పటము తప్పును. మరియు పైథాన్ మామూలు పట్టీలను ఒకదాని నుండి ఒకటి తీసివేయదు. వాటిని నమ్‌పై శ్రేణులుగా మార్చిన పిదపనే సగటు నుండి దూరమును తీసివేయవచ్చును.

సీబార్న్ అను మరియొక గ్రంథాలయములోని 'లైన్‌ప్లాట్'కు మళ్ల అంకెలను నేరుగా ఇచ్చినచో, సగటును, 95 శాతపు పట్టీని తానే కట్టి గీయును. సులువైనదే, కాని అది ఉన్న అంకెలనే మరల మరల ఏరి లెక్క కట్టును. నాలుగు మళ్లే ఉన్నపుడు ఆ పట్టీ ఉండవలసినదానికంటె ఇరుకుగా వచ్చును. కొద్ది మళ్ల ప్రయోగమునకు పైన చెప్పిన చేతిలెక్కయే మేలు.

రంగు పట్టీ విషయములో ఇంకొక మాట. 48కి, 64కు నడుమ 56 కిలోల వద్ద కూడ రంగు కనబడును. అచట ఏ మడియు కోయలేదు. అది రెండు పుల్లలను కలిపిన రంగు మాత్రమే.

చదువుట

నత్రజని లేని మళ్ల హద్దు 14.3 వద్ద ముగియుచున్నది. 48 కిలోల హద్దు 21.4 వద్ద ప్రారంభమగుచున్నది. రెండును ఎచటను తాకుటలేదు. ఎరువు పనిచేసినదని ధైర్యముగా చెప్పవచ్చును.

32 కిలోల హద్దు 18.1 నుండి 23.9 వరకు. ఇది 48 కిలోల హద్దుతో కొంత మేర కలియుచున్నది. హద్దులు కలిసినంతనే తేడా లేదనరాదు. చెక్కల వారీగా తేడా తీసి చూడుడు: 3, 2, 4, 3. నాలుగు చెక్కలలోను హెచ్చే. ఈ తేడాలకే పై విధముగా హద్దు కట్టినచో సగటు 3, హద్దు 1.7 నుండి 4.3. క్రింది అంచు కూడ సున్నకు పైననే యున్నది గనుక ఈ లాభము నమ్మదగినది.

ఇపుడు ఆ వృద్ధ రైతు ప్రశ్నకు వత్తము. 48 నుండి 64కు పోయినచో చెక్కల వారీ తేడా: 1 తక్కువ, 4 ఎక్కువ, 1 తక్కువ, 2 ఎక్కువ. సగటున ఒక క్వింటాలు ఎక్కువ. కాని దాని హద్దు 2.9 క్వింటాళ్ల నష్టము నుండి 4.9 క్వింటాళ్ల లాభము వరకు! యూరియాలో నత్రజని 46 శాతము గనుక 16 కిలోల నత్రజనికి సుమారు 35 కిలోల యూరియా, అనగా 45 కిలోల బస్తాలో ముప్పావుకు కొంచెము పైగా కావలెను. ఖర్చు తప్పదు, రాబడి మాత్రము ఎటైనను పోవచ్చును. పైగా నత్రజని మితిమీరినచో చేను పడిపోవుటకు, దోమపోటు, అగ్గితెగులు హెచ్చుటకు అవకాశమున్నదని మీకు తెలిసినదే. పుల్ల పొడవగుట కూడ ఒక హెచ్చరికయే.

ఏ హద్దో వ్రాయవలెను

48 కిలోల వద్ద ప్రామాణిక విచలనము పెట్టినచో పుల్ల 1.6, ప్రామాణిక దోషము పెట్టినచో 0.8, 95 శాతపు హద్దు పెట్టినచో 2.6. ఒకే అంకెలకు మూడు పొడవులు! కావున పటము క్రింద ఏ హద్దో, ఎన్ని మళ్లో వ్రాయని పటమును నమ్మి ఖర్చు పెట్టరాదు. పరిశోధనా స్థానముల పట్టికలలో 'సి.డి.' అను అంకె ఉండును. రెండు సగటుల తేడా దానికి మించినపుడే ఆ తేడాను లెక్కింపవలెను.

పంటకోత ప్రయోగములు చేయు ఉద్యోగులకు కూడ ఇది పనికివచ్చును. 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు గల వరి మడి 25 చదరపు మీటర్లు. ఎకరమునకు అట్టివి సుమారు 162. ఆ చిన్న మడి తూకములో ఒక కిలో పొరపాటు ఎకరమునకు 162 కిలోల పొరపాటగును. ఊరి సగటును వ్రాయునపుడు, అది ఎన్ని కోతల సగటో, వాటి నడుమ ఎంత తేడా కలదో ప్రక్కనే వ్రాయుడు.

సోదరులారా! ఇకమీదట ఎవరు దిగుబడి గీతను చూపినను, అది మా శాఖవారైనను, ఎరువుల వర్తకులైనను, మూడు ప్రశ్నలు అడుగుడు. ఎన్ని మళ్లు కోసినారు? హద్దు ఎంత? అది ఏ హద్దు? జవాబు వచ్చిన పిదపనే బస్తా మూతి విప్పుడు.