పర్సనల్ ట్రైనర్ కావాలనుకుంటున్నారా? ఇక్కడ మొదలుపెట్టండి

కండలుంటే చాలు, ట్రైనర్ అయిపోవచ్చనుకుని ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లు చాలామంది. కానీ రేపు మీ ముందు నిలబడేది షుగర్ మాత్రలు వేసుకునే నలభై అయిదేళ్ల బ్యాంకు ఉద్యోగి కావచ్చు, కాన్పయి ఆర్నెల్లయిన తల్లి కావచ్చు. వాళ్లకు హాని జరగకుండా బలం పెంచడమే మీ పని.

ముందు చదవండి. కండరాలు, కీళ్లు, గుండె, శ్వాస ఎలా పనిచేస్తాయో తెలియాలి. అమెరికాకు చెందిన ఏస్, నాస్మ్ సంస్థల సర్టిఫికెట్లకు మన జిమ్‌లలోనూ విలువుంది. ముంబయిలోని కె11 కూడా పేరున్న శిక్షణ సంస్థే. ఏస్ పరీక్ష రాయాలంటే 18 ఏళ్లు నిండాలి, గుండె ఆగినవారికి చేసే సీపీఆర్ నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ ఉండాలి. 3 గంటల్లో 150 ప్రశ్నలు. రెండు రోజుల్లో సర్టిఫికెట్ చేతిలో పెడతామనే చోటికి మాత్రం వెళ్లకండి. సీపీఆర్‌ను బొమ్మ మీద చేసి నేర్చుకోండి: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున ఛాతీని నొక్కాలి.

తర్వాత ఏదైనా జిమ్‌లో ఫ్లోర్ ట్రైనర్‌గా చేరండి. జీతం తక్కువే, కానీ రకరకాల శరీరాలు ఎలా కదులుతాయో చూడటం అక్కడే అలవాటవుతుంది.

పర్సనల్ ట్రైనింగ్‌కు క్లయింట్ వచ్చిన మొదటి రోజు బరువులు ముట్టుకోనివ్వకండి. కూర్చోబెట్టి ఆరోగ్యం గురించి అడగండి. ఇందుకు పార్-క్యూ ప్లస్ అనే ప్రశ్నపత్రం ఉంది. గుండె జబ్బు, బీపీ, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, వాడుతున్న మందులు, కీళ్ల బాధలు వంటి వాటి మీద తొలి పేజీలో 7 ప్రశ్నలుంటాయి. ఒక్కదానికి ‘అవును’ అన్నా, తర్వాతి పేజీల్లోని ప్రశ్నలూ అడగండి. అనుమానముంటే డాక్టరు దగ్గరికి పంపండి. మందుల పేర్లు రాసుకోవడం మరవకండి. బీటా బ్లాకర్ రకం బీపీ మాత్రలు వాడేవారికి ఎంత శ్రమపడినా గుండె వేగం మామూలుగా పెరగదు. గరిష్ఠ గుండె వేగం కోసం 220లోంచి వయసు తీసేసే లెక్క వాళ్ల దగ్గర పనిచేయదు. దానికి బదులు, వ్యాయామం చేస్తూ మాట్లాడగలుగుతున్నారా లేదా చూడండి. ఇన్సులిన్ తీసుకునేవారికి చెమటలు పట్టి, చేతులు వణికితే వెంటనే ఆపించి తీపి ఏదైనా ఇవ్వాలి.

ఆ తర్వాత గొంతుక్కూర్చుని లేవమనండి. మడమలు లేస్తున్నాయా, మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా గమనించండి. పొలం పనులు చేసే పెద్దవాళ్లు సునాయాసంగా కూర్చుంటారు. పదేళ్లుగా కుర్చీకి అతుక్కుపోయిన కుర్రాళ్లే ఇబ్బంది పడతారు. అలాంటివారికి బార్‌బెల్ వద్దు, బల్ల మీద కూర్చుని లేవడంతో మొదలెట్టండి. 12 సార్లు శుభ్రంగా చేయగలిగాకే కొంచెం బరువు. ప్రతి సెట్టూ నోట్‌బుక్‌లో రాయండి. ఫామ్ సరిచేయడానికి ఒంటి మీద చెయ్యి వేయాల్సొస్తే అడిగి వేయండి.

మీ హద్దు మీకు తెలియాలి. నొప్పికి మందు చెప్పకండి, షుగర్ ఉన్నవారికి డైట్ చార్ట్ రాయకండి. దానికి డాక్టర్లు, డైటీషియన్లు ఉన్నారు. స్టెరాయిడ్లు డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందులు. గుండెను, కాలేయాన్ని, సంతాన సామర్థ్యాన్ని దెబ్బతీస్తాయి. మూడు నెలల్లో కండలు కావాలి, ఇంజెక్షన్ చూడండి అని క్లయింట్ అడిగితే, ఆ నెల ఫీజు పోయినా సరే, కుదరదని చెప్పండి.