చార్జ్ కార్డు వాడకం సిబిల్ స్కోరును తగ్గిస్తుందా?

ప్రశ్న: వరంగల్ చౌరస్తాలో మాకు బట్టల షాపు ఉంది. సరుకు కోసం చార్జ్ కార్డు మీద నెలకు రెండు లక్షల దాకా వాడి, గడువులోగా మొత్తం కట్టేస్తున్నాను. హోమ్ లోన్‌కు వెళ్తే ఇది అడ్డమొస్తుందా?

జవాబు: ఇలా కడుతున్నంతకాలం భయపడకండి. చార్జ్ కార్డుకు ముందే ఖరారు చేసిన లిమిట్ ఉండదు కాబట్టి, స్కోరుపై ప్రభావం చూపే, లిమిట్‌లో ఎంత శాతం వాడారన్న లెక్క మామూలుగా కుదరదు. అయితే ఆ ఖాతా మీ క్రెడిట్ రిపోర్టులో ఎలా నమోదైందో తప్పక చూసుకోండి. లిమిట్ దగ్గర పొరపాటున చిన్న అంకె పడితే వాడకం విపరీతంగా కనిపిస్తుంది. పూర్తి రిపోర్టు ఏడాదికోసారి ఉచితం. తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన.

మామూలు క్రెడిట్ కార్డు కూడా ఉంటే అసలు జాగ్రత్త అక్కడ. లక్ష లిమిట్‌లో 80 వేలు వాడితే 80 శాతం. బిల్లు తయారయ్యేలోపే 50 వేలు కట్టేస్తే బిల్లులో 30 శాతమే మిగులుతుంది.

చార్జ్ కార్డులో దెబ్బ తీసేది ఆలస్యం. గడువు దాటి మూడు రోజులు మించితే బకాయిగా నమోదు చేయొచ్చు. ఉగాది, దసరా సీజన్లలో సరుకు ఎక్కువ తెచ్చినప్పుడు ఆ డబ్బు ముందే పక్కన పెట్టండి.