బెల్టు కవర్లు విప్పొచ్చా?

ప్రశ్న: నాది డుకాటి స్క్రాంబ్లర్, 803 సీసీ. టైమింగ్ బెల్టులు ఎలా ఉన్నాయో చూడాలని ఉంది. కవర్లు నేనే విప్పొచ్చా అండీ?

జవాబు: చూడటం వరకైతే నిక్షేపంగా విప్పండి. ఈ ఇంజన్‌లో సిలిండర్‌కొకటి చొప్పున రెండు బెల్టులుంటాయి. ప్లాస్టిక్ కవర్ల పని రాళ్లనీ దుమ్మునీ ఆపడమే, లోపల ఆయిల్ ఉండదు. ఒకవేళ తడి కనిపించిందంటే ఏదో సీలు కారుతున్నట్టే. అప్పుడు బండిని మెకానిక్‌కు చూపించాల్సిందే.

ఇంజన్ చల్లారాకే మొదలుపెట్టండి. స్క్రూలన్నీ ఒకే పొడవు ఉంటాయనుకోవద్దు. అట్టముక్క మీద కవరు బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చండి. పొట్టిదాని చోట పొడుగుది బిగిస్తే అల్యూమినియం పగలొచ్చు. కవరు రాకపోతే స్క్రూడ్రైవర్‌తో పెకలించకండి, ఎక్కడో ఇంకో స్క్రూ మిగిలి ఉంటుంది.

బెల్టు మీద పగుళ్లు, నూలు పోగులు, అరిగిన పళ్లు ఉన్నాయేమో చూడండి. పైకి బాగున్నా, మాన్యువల్ చెప్పిన గడువు దాటితే మార్చాల్సిందే. బెల్టుకు గ్రీజు, స్ప్రే ఏదీ తగలనివ్వకండి. టెన్షనర్ జోలికి అసలు పోవద్దు: బెల్టు పళ్లు జారితే వాల్వులు పిస్టన్‌కు తగులుతాయి, ఆ ఖర్చు మామూలుగా ఉండదు.

బిగించేటప్పుడు ప్రతి స్క్రూనీ ముందు చేత్తోనే తిప్పండి. మరలు సరిగ్గా పట్టాక చిన్న రెంచితో కొద్దిగా బిగిస్తే చాలు. కవరు బెల్టుకు ఎక్కడా రాసుకోకూడదు.