గర్వము - వినయము : ఇస్లాము బోధ

గర్వమనఁగా నేమి? మంచి వస్త్రములను ధరించుటయా? ఈ సందేహము నొకఁడు మహమ్మదు ప్రవక్తకు విన్నవించెనని ముస్లిము సంకలనము చేసిన హదీసు గ్రంథము తెలుపుచున్నది. సౌందర్యము దేవునికిఁ బ్రియమేయనియు, సత్యమును త్రోసివేయుటయు జనులను తృణీకరించుటయుఁ గలిసి గర్వమగుననియు ప్రవక్త బోధించెను.

ఈ రెండు లక్షణములును ఇబ్లీసు కథయందుఁ గానవచ్చును. మట్టితోఁ జేయఁబడిన ఆదాముకంటె, అగ్నితో సృజింపఁబడిన తానే శ్రేష్ఠుఁడనని తలంచి యాతఁడు దైవాజ్ఞను ధిక్కరించెను. దేవుఁడు కలఁడా యను సంశయము వానికి లేదు. వానిని చెఱచినది జన్మాభిమానమే.

అట్లైనచో సజ్జనులకు జాగరూకత యక్కఱలేదా? ఖురానునందలి 80వ అధ్యాయమును విచారింపుఁడు. ప్రవక్త మక్కాలో ఖురైషు ప్రముఖులకు సదుద్దేశముతో ధర్మము బోధించుచుండఁగా, అబ్దుల్లా ఇబ్ను ఉమ్ము మక్తూమను అంధుఁ డుపదేశముఁ గోరి వచ్చెననియు, ప్రవక్త ముఖము చిట్లించుకొనెననియు పెక్కు వ్యాఖ్యాతలు చెప్పుదురు. ఆసక్తితో వచ్చినవానిని విడిచి, లక్ష్యము లేనివారి వెంటఁబడుట తగదని దైవవాణి ప్రవక్తనే మందలించెను. ఆ మందలింపు మఱుగుపఱుపఁబడలేదు. నేఁటికిని పఠింపఁబడుచునే యున్నది. ఆ యంధుఁడే పిదప మదీనాలో జనులను ప్రార్థనకుఁ బిలుచువారిలో నొకఁడయ్యెను.

కావున వినయము తల వంచుటతో ముగియదు. నమాజులో నుదురు నేలను సోఁకినను, అదే వరుసలో నిలిచిన దీనుని మాట వినఁజాలని చెవి యింకను గర్వించియే యున్నది. విద్యావంతులారా! ధనికుని ప్రశ్న కిచ్చు సావధానతను పేదవాని ప్రశ్నకును ఇచ్చుచున్నామా? ఈ పరీక్షను ప్రతిదినమును మనకు మనమే పెట్టుకొనవలెను.